ఆ పిల్లకు కథ వచ్చు, మనకే వినడం రాదు

చైనీస్ భాష మాండరిన్‌లో నాలుగు ముక్కలు పలికి ఆగిపోయిన పిల్లకు కథ చెప్పడం రాదని తీర్పులిచ్చే పెద్దలకు ఈ రోజు ఒక్కటే చెప్పదలచుకున్నాను: ఆ పిల్లకు కథ వచ్చు, మీకే వినడం రాదు.

ప్రభుత్వ బడుల్లో సగం రోజు ఇంగ్లీషు, సగం రోజు మాండరిన్ వంటి మరో భాషలో పాఠాలు నడిపించేందుకు అమెరికాలోని యూటా రాష్ట్రం 2008లో చట్టం చేసింది. ఇలాంటి బడుల్లో పిల్లలు రెంటికీ చెడ్డ రేవడులవుతారన్న పాత బెంగ మీకు తెలిసిందే.

పిల్లల కథనశక్తిని కొలవడానికి 2012లో వెలువడిన 'మెయిన్' అనే బహుభాషా పరీక్షలో ఆరు బొమ్మల పిల్లి కథ ఒకటుంది. పిల్లి సీతాకోకచిలుక మీదికి దూకి పొదలో పడుతుంది. అదిరిపడిన పిల్లవాడి బంతి నీళ్లలో పడుతుంది. అతడు దాన్ని తీసుకునే సందులో పిల్లి అతడి బకెట్‌లోని చేపలు తినేస్తుంది. ఇంట్లో చైనీస్ వినని రెండో తరగతి పిల్ల దీన్ని మాండరిన్‌లో చెబుతోందనుకోండి. మన పిల్లలు 'అప్పుడేమో, అప్పుడేమో' అన్నట్టు 'రాన్‌హౌ, రాన్‌హౌ' అంటుంది. మాండరిన్‌లో దేన్ని లెక్కపెట్టినా అంకె పక్కన దానికి తగిన లెక్కమాట ఒకటి చేర్చాలి. పిల్లికి వాడవలసిన 'జి' అనే లెక్కమాట గుర్తురాక, అన్నిటికీ అతికే 'గ' తగిలిస్తుంది. మార్కులు వేసేవారు అక్కడే పెన్ను తీస్తారు. కానీ పిల్లి ఏం కోరింది, ఏం చేసింది, చివరికి ఏమైంది అన్న మూడూ ఆ పిల్ల మాటల్లో ఉన్నాయా లేవా? కథకు ఎముకలు అవే. ఒక భాషలో కుదిరిన ఎముకలు రెండో భాషలోకీ నడిచి వస్తాయి. మాటలను మాత్రం ఏ భాషకా భాషలో కూడబెట్టుకోవలసిందే.

అసలు చిక్కు ఇంకొకటుంది. మనం 'తిన్నాడు' అంటే పిల్లవాడనీ, 'తినేసింది' అంటే పిల్లి అనీ క్రియ చివరే చెప్పేస్తుంది. మాండరిన్ క్రియకు ఆ తోక లేదు. అతడు, ఆమె, అది అన్నిటికీ నోట పలికేది ఒక్క 'తా' మాత్రమే. కాబట్టి ఎవరి గురించి మాట్లాడుతున్నామో వినేవాడు తప్పిపోకుండా నడిపించడం అక్కడ వేరే విద్య, దాన్ని ఏడేళ్ల పిల్ల సగం రోజు బడిలో నేర్చుకుంటోంది!

ఇక నా సొంత సిద్ధాంతం వినండి, ఒప్పుకోకపోతే కింద తిట్టండి. ఆ ఎముకలు బడిలో కాదు, రాత్రి పక్క మీద అమ్మమ్మ చెప్పే కథల్లో గట్టిపడతాయి. అందుకే పిల్లను మాండరిన్ బడిలో వేసి, మూడో భాష బరువవుతుందని ఇంట్లో తెలుగు మానేసే మనవాళ్లను తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ రాత్రి ఆ పిల్లి కథను మీ పిల్ల చేత ముందు తెలుగులో చెప్పించండి, మర్నాడు మాండరిన్‌లో చెప్పించండి. రెండుసార్లూ చేపలు తిన్నది ఎవరో మీకు అర్థమైందా లేదా, అదొక్కటే రాయండి.