పుస్తకం ఎవరిది, కలం ఎవరి చేతిలో ఉంది?

(గుంటూరు బ్రాడీపేటలో పాఠకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మా నాలుగో లైనులో ఒక మాస్టారు ఉన్నారు. రిటైరైన దగ్గర్నుంచి ఒక సోషల్ మీడియా యాప్‌లో పేజీ పెట్టి పాత గుంటూరు సంగతులు రాసేవారు. ఏ లైనులో ఏ మెస్సు ఉండేది, శంకర్‌విలాస్ సెంటర్లో సాయంత్రాలు ఎవరెవరు చేరేవారు, ఏసీ కాలేజీ కుర్రాళ్లు పరీక్షల రాత్రులు ఎక్కడ టీ తాగేవారు, ఇలాంటివి. ఎనిమిదేళ్లు రాశారు. ఒకరోజు పొద్దున్నే ఫోను తెరిస్తే ఖాతా లేదు. నియమాలు అతిక్రమించారని ఒక్క వాక్యం ఉంది. ఏ నియమమో లేదు. అర్జీ పెట్టుకుంటే జవాబు లేదు. ఆయన దగ్గర నకలు కూడా లేదు. ఆ వారం ఆయన్ని చూసినవాళ్లకి తెలుసు, ఇంట్లో మనిషి పోయినట్టే ఉన్నారు.

బ్లాక్‌చైన్ మీద నడిచే సోషల్ మీడియా యాప్‌ల మీద నాకు ఆసక్తి పుట్టింది అక్కడే. బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేల ధరలు చూసి కాదు.

మాస్టారి రాతలు ఆయనవే. కానీ రాసిన పుస్తకం కంపెనీది. పుస్తకం వాళ్ల బీరువాలో ఉంది, తాళం వాళ్ల దగ్గరే ఉంది. పేజీ చింపాలన్నా, మనిషిని బయటికి పంపాలన్నా ఇంకెవర్నీ అడగనక్కర్లేదు.

ఇప్పుడు మన మిర్చి యార్డు గుర్తు చేసుకోండి. టిక్కీలు కాటా వేశాక తూకం, ధర రాసిన చీటీ రైతు చేతికి వస్తుంది. అదే లెక్క కమీషన్ కొట్టు పుస్తకంలోనూ ఎక్కుతుంది. కొట్టులో ఎవరైనా అంకె దిద్దినా రైతు జేబులో చీటీ మారదు కదా. ఆ చీటీని ఇద్దరి దగ్గరే కాకుండా, ఒకరికొకరు తెలియని ఎంతోమంది కంప్యూటర్లలో ఉంచితే అదే బ్లాక్‌చైన్. పైగా అందులో ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ వేలిముద్ర, అంటే ఆ పేజీ రాతనంతా లెక్కగట్టి తీసిన గుర్తు, ఉంటుంది. పాత పేజీలో ఒక్క ఒత్తు మార్చినా దాని వేలిముద్ర మొత్తం మారిపోతుంది, ఆ తర్వాతి పేజీలేవీ దానితో అతకవు. దిద్దుబాటు దాగదు. ఆ పేజీకే బ్లాకు అని పేరు, అలా ఒకదానికొకటి అతికిన బ్లాకుల వరసే గొలుసు, అంటే చైన్.

2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాకు పుట్టింది. అది డబ్బు లెక్కల పుస్తకం. 2016లో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ స్టీమిట్ అనే యాప్ తెచ్చారు. దాని కింద ఉన్న గొలుసు పేరు స్టీమ్. అందులో డబ్బు లెక్కలతో పాటు మనుషుల రాతలు, వాటికి వచ్చిన ఓట్లు, వ్యాఖ్యలు కూడా ఎక్కాయి. మూడు సెకన్లకొక బ్లాకు. మీరు పోస్టు పెట్టి ఊపిరి పీల్చి వదిలేలోపు అది పుస్తకంలో ఉంటుంది. ఎక్కేది అక్షరాలు మాత్రమే సుమా. ఫొటోలు మామూలు సర్వర్లలో ఉంటాయి, గొలుసులో వాటి చిరునామా ఒక్కటే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఆ బ్లాకులు రాసేవాళ్లని అక్కడ విట్నెస్‌లంటారు, మన మాటలో సాక్షులు. ఎక్కువ ఓట్లు వచ్చిన ఇరవై మంది ముఖ్యులు. ఈ ఓటు పంచాయతీ ఎన్నికల్లోలా మనిషికొకటి కాదు. ఎవరు ఎన్ని టోకెన్లు, అంటే ఆ గొలుసు సొంత డిజిటల్ నాణేలు, కట్టిపెట్టి ఉంచుకుంటే వాళ్ల ఓటుకి అంత బరువు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక తాళాలు. ఈ యాప్‌లో మీ ఖాతాకి పాస్‌వర్డు ఉంచే కంపెనీ ఉండదు. 5తో మొదలయ్యే 51 అక్షరాల కీ మీకిస్తారు. ఒకటి కాదు, మూడు నాలుగు. పోస్టు రాయడానికి ఒకటి, అది వీధి తలుపు తాళం. టోకెన్లు పంపడానికి ఇంకొకటి, అది బీరువా తాళం. అన్నిటినీ మార్చగల ఓనర్ కీ ఇంటి దస్తావేజు లాంటిది. రోజూ వాడాల్సింది మొదటిదే. దస్తావేజు ఎవరైనా జేబులో పెట్టుకుని బజారుకి వెళ్తారా? కీలన్నీ పోతే "పాస్‌వర్డు మర్చిపోయారా" అని నొక్కడానికి బటన్ ఉండదు. మిమ్మల్ని వెళ్లగొట్టేవాడు లేడంటే, మిమ్మల్ని లోపలికి రానిచ్చేవాడూ లేడనే.

ఇక 2020 సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

ఆ ఫిబ్రవరిలో ట్రాన్ అనే ఇంకో బ్లాక్‌చైన్ స్థాపకుడు జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నారు. కంపెనీతో పాటు, అది మొదట్లోనే సంపాదించి ఉంచుకున్న పెద్ద టోకెన్ల వాటా కూడా ఆయన చేతికి వచ్చింది. ఆ వాటాని అందరి మేలుకే వాడతామని పాత యాజమాన్యం చెబుతూ వచ్చింది. కొత్త యజమాని ఆ మాట మీద ఉంటాడో లేదోనని సాక్షులు భయపడ్డారు. సాఫ్ట్‌వేరు మార్చి, ఆ వాటా కదలకుండా, ఓటు వేయకుండా కట్టేశారు. మార్చి 2న దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. టోకెన్లు కొని అమ్ముకునే బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే ఎక్స్చేంజీల్లో జనం దాచుకున్న టోకెన్లతో సన్ పక్షానికి ఓట్లు పడ్డాయి. దాచుకున్నవాళ్లని ఎవరూ అడగలేదు. చూస్తుండగానే ముఖ్య సాక్షుల స్థానాల్లో కొత్తవాళ్లు కూర్చున్నారు.

అయితే పుస్తకం నకలు అందరి దగ్గరా ఉంది కదా! మార్చి 20న పాత సమాజంలో చాలామంది ఆ పుస్తకాన్ని అక్షరం పోకుండా తీసుకుని, కంపెనీ వాటాని వదిలేసి, హైవ్ పేరుతో కొత్త గొలుసు మొదలుపెట్టారు. ఆ రోజుదాకా రాసిన పోస్టులు ఇవాళ రెండు చోట్లా ఉన్నాయి.

నేను దీన్ని చాలాసార్లు ఆలోచించాను. సాక్షులు చేసింది నాకు పూర్తిగా మింగుడు పడదు. ఒకరి ఆస్తిని కొద్దిమంది కూర్చుని కట్టేయగలిగితే, రేపు నాదీ కట్టేయగలరు. ఎక్స్చేంజీలు చేసింది అంతకంటే పెద్ద తప్పు. ఎవరి అధికారమూ లేని చోటని చెప్పుకున్న ఊళ్లో, వాటా ఎవరిదైతే కలం వాళ్లదేనని ఆ ఒక్క రోజులో తేలిపోయింది. అయినా ఊరికి నచ్చనప్పుడు జనం తమ పుస్తకం సంకన పెట్టుకుని వెళ్లిపోగలిగారు. మా మాస్టారికి ఆ వీలే లేకపోయింది. నా మట్టుకు నేను ఈ యాప్‌ల విలువంతా అందులోనే చూస్తాను.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. పోస్టుకి వచ్చిన ఓట్లని బట్టి ఏడు రోజుల తర్వాత టోకెన్లు వస్తాయి. హైవ్‌లో సగం రాసినవాళ్లకి, సగం ఓటేసినవాళ్లకి. వాటి ధర రోజూ మారుతుంది. వాటిని అమ్మి సంపాదించిన లాభం మీద మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను. ఒకదానిలో నష్టం వస్తే ఇంకోదాని లాభంలోంచి తీసేసుకోవడానికి లేదు. "రాయండి, నెలకింత సంపాదించండి" అని ఎవరైనా మీ దగ్గర చేర్పు రుసుము అడిగితే లేచి వచ్చేయండి. మీ కీ అడిగితే ఇంకా తొందరగా వచ్చేయండి.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకొక మాట. ఆ పుస్తకంలో రబ్బరుకి చోటు లేదు. పోస్టుని దిద్దవచ్చు, తెర మీద కనిపించకుండా చేయవచ్చు, కానీ మొదట రాసింది గొలుసులో అలాగే ఉంటుంది. మన వ్యక్తిగత సమాచారాన్ని చెరిపించుకునే హక్కు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది. ఆ హక్కు పట్టుకుని ఇక్కడ ఎవరి తలుపు తడతారు? కోపంలో స్నేహితురాలి గురించి రాసిన నాలుగు మాటలు, పసిపిల్లల వివరాలు, ఫోను నంబర్లు, ఇవేవీ అక్కడికి చేర్చకండి.

మాస్టారు ఈ నెల రోజులుగా జ్ఞాపకం మీద మళ్లీ రాస్తున్నారు. ఇరవై రెండు వ్యాసాలు అయ్యాయి. అదుగో, ఆయన ఒళ్లో ఉన్న లాంగ్ నోట్‌బుక్ అదే. మొన్న నన్ను అడిగారు, "మెస్సు ఓనరు అప్పుల సంగతి రాశాను, ఆయన మనవలు ఇక్కడే ఉన్నారు, అది పెట్టొచ్చా అమ్మా?" అని. వద్దన్నాను. ఆ పేజీకి పెన్సిలుతో అడ్డగీత కొట్టారు. మిగిలినవి ఎక్కించడానికి ఇవాళ ఖాతా తెరుస్తున్నాం. రెండు కాగితాలు, నల్లసిరా పెన్ను తెచ్చాను. ఒక కాగితం ఆయన బీరువాకి, ఒకటి హైదరాబాదులో ఉన్న వాళ్లమ్మాయికి. 51 అక్షరాలు నేను చదవను, ఆయనే చూసి రాసుకుంటారు. చూడాలనుకున్నవాళ్లు బల్ల దగ్గరికి రండి, ఆ రెండు నిమిషాలు మాత్రం కొంచెం అటు తిరిగి నిలబడాలి.