తేనెటీగల పెట్టె కిట్ రివ్యూ: బిగించి, కొలిచి చూద్దాం

నమస్తే అండి. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. తేనెటీగల పెంపకం కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ ఇది. పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె, అన్నీ విడిభాగాలుగా వస్తాయి, మనమే బిగించుకోవాలి. ఫ్రేము అంటే ఈగలు తెట్టె, అంటే మైనపు పట్టు, కట్టుకునే చెక్క చట్రం. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, నేను చూపించే పరీక్షలు ఏ కిట్‌కైనా పనికొస్తాయి. ముందే తేల్చి చెప్తా: పెట్టె బాగుంది, ఫ్రేములు ఇంకా బాగున్నాయి. పైమూత మాత్రం మన ఎండకు ఆగదు. ఫ్రేముల్లో మైనపు పలకను పట్టి ఉంచే తీగ కూడా మార్చుకోవాల్సిందే.

సుత్తి పట్టుకునే ముందు అసలు మీరు ఏ ఈగను పెంచుతారో తేల్చుకోండి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో ఉండే మన పుట్ట తేనెటీగ ఒకటి. ఇటాలియన్ ఈగ అని పిలిచే మెల్లిఫెరా ఇంకొకటి. మర్రిచెట్టుకో, వాటర్ ట్యాంకుకో పెద్ద పట్టు వేలాడుతుంది చూడండి, అది కొండ తేనెటీగ. అది పెట్టెలో ఉండదు, దాని జోలికి వెళ్లకండి. ఈ కిట్ మెల్లిఫెరా కొలతలతో చేసింది. ఇందులో పుట్ట తేనెటీగను పెడితే పెట్టె మరీ పెద్దదవుతుంది, మైనపు అచ్చు, అంటే ఫ్రేములో బిగించే మైనపు పలక, దాని మీద అచ్చు వేసిన చిన్న గదుల సైజు కూడా దానికి సరిపోదు. దానికి చిన్న ఫ్రేముల పెట్టె కావాలి. వంద ఏళ్ల కిందటే తిరుచిరాపల్లి వైపు ఫాదర్ న్యూటన్ మన ఈగ కోసం అలాంటి పెట్టె తయారుచేశారు, ఇప్పటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటారు. అమ్మే పేజీలో "అన్ని రకాల ఈగలకు" అని రాసి ఉంటే నమ్మకండి. ఫోన్ చేసి ఫ్రేము కొలత అడగండి.

సరే, పెట్టెలోకి వద్దాం. 1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టర్ పేటెంట్ తీసుకున్న డిజైన్ ఇది. ఇందులో కిటుకంతా చెక్కలో లేదు, చెక్కల మధ్య ఖాళీలో ఉంది. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందు ఉంటే ఈగలు దాన్ని నడిచే దారిగా వదిలేస్తాయి. అంతకంటే తక్కువైతే అవి తెచ్చుకునే చెట్ల జిగురుతో పూడ్చేస్తాయి, ఎక్కువైతే అక్కడ అడ్డంగా తెట్టె కట్టేస్తాయి. తర్వాత మీరు ఫ్రేము పైకి లాగితే తెట్టె చిరిగి తేనె కారుతుంది, పిల్లలు చస్తాయి, ఈగలు మీద పడతాయి. అందుకే నేను కిట్‌ను నునుపు చూసి మెచ్చుకోను, టేపు పెట్టి చూస్తా.

ముందు జిగురు లేకుండా నాలుగు పలకలూ ఉత్తగా కలిపి చూడండి. ఫ్రేములు ఆనే గాడి పైకి, చేతిపట్టు బయటికి ఉండాలి. అంతా సరిపోయాకే నీళ్లకు ఊడని జిగురు రాసి మొలలు కొట్టండి. జిగురు ఆరకముందే ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి, తర్వాత మిగిలిన రెండు మూలలకూ పెట్టండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. ఇదిగో, ఇక్కడ మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పొడుగొచ్చిన మూలలను రెండు చేతులతో లోపలికి నొక్కితే సర్దుకుంటుంది. జిగురు ఆరిపోయాక ఈ పని కాదు. మూలలు సరిగ్గా లేని పెట్టె మీద మూత కూర్చోదు, ఆ సందులోంచి వాన నీళ్లు, చీమలు లోపలికి వస్తాయి.

ఇప్పుడు ఫ్రేము. దీని మీద టైమ్ పెట్టండి, తొందరపడకండి. పైపట్టీ, రెండు పక్కపట్టీలు, అడుగుపట్టీ, అంతే. చాలామంది పైపట్టీ మీద నుంచి మొలలు కొట్టి వదిలేస్తారు. పక్కపట్టీలోంచి పైపట్టీ చివరలోకి అడ్డంగా ఇంకో మొల కొట్టండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి, ఇక్కడ. తేనె నిండితే ఈ ఒక్క ఫ్రేమే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఈగల జిగురుతో అతుక్కున్న ఫ్రేమును చెవులు, అంటే పైపట్టీ రెండు చివరలు, పట్టి లాగినప్పుడు బరువంతా ఆ కీలు మీదే పడుతుంది. అడ్డం మొల లేకపోతే పైపట్టీ చేతిలోకి వస్తుంది, మిగతాది పెట్టెలోనే ఉండిపోతుంది.

ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది పక్కపట్టీల కోత. పైన 35 మిల్లీమీటర్ల వెడల్పు కచ్చితంగా ఉంది. ఫ్రేములను ఒకదానికొకటి ఆనిస్తే తెట్టెల మధ్య దూరం తనంతట తానే కుదురుతుంది. పెట్టెలో పెట్టి చూస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది, రెండు పక్కలా. శభాష్ అనాలి.

తీగ మాత్రం మెత్తగా ఉంది, లాగితే సాగుతోంది. టిన్ పూత ఉన్న గట్టి తీగ విడిగా కొనుక్కోండి. పక్కపట్టీ రంధ్రాల్లోంచి పోనిచ్చి, ఒక చివర చిన్న మొలకు చుట్టి, రెండో చివర నుంచి బిగించండి. వేలితో మీటితే కిన్నెర తీగలా మోగాలి. అలాగని పక్కపట్టీలు లోపలికి వంగేదాకా లాగొద్దు. తర్వాత మైనపు అచ్చు పలకను తీగ మీద పరిచి, వేడి చేసిన ముళ్లచక్రంతో తీగ మైనంలోకి దిగేలా తోయాలి. మన ఎండాకాలంలో ఈ పని పొద్దున్నే చేసుకోండి. తేనె మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి కానీ, మెత్తబడి వంగిపోవడానికి మధ్యాహ్నం రేకుల షెడ్డు వేడి చాలు.

మూత గురించి చెప్పా కదా, ఇదీ సంగతి. పలుచని ప్లైవుడ్, దాని మీద కాగితంలాంటి రేకు. అంచుల్లో ప్లైవుడ్ బయటికి కనిపిస్తోంది, ఒక్క వానాకాలానికే పొరలు విడిపోతాయి. ఈగలు పిల్లలున్న చోటును 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుకోవాలి. బయట 44, 45 కొట్టే మన మే నెలలో నీళ్లు మోసుకొచ్చి, రెక్కలు ఆడించి చల్లబరుచుకోవడమే వాటి పని అయిపోతుంది. అలాంటప్పుడు పూల మీదికి ఎవరు పోవాలి? మీ ఊరి వడ్ల ఆయనతో మందం చెక్క మూత చేయించి, అంచులు కూడా కప్పేలా జింకు రేకు వేయించండి. ఆ మాటకొస్తే పెట్టె కూడా ఆయనే చేయగలడు, పాత టేకు దొరికితే ఈ కిట్ కంటే గట్టిగా వస్తుంది. ఫ్రేములు మాత్రం మిషన్ కోతవే కొనండి, పది ఫ్రేములూ ఒకే కొలతలో చేత్తో చేయడం కష్టం.

రంగు బయటివైపే, అదీ లేత రంగు. లోపల ఏమీ పూయొద్దు. చెదలు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇనుప స్టాండే తీసుకోండి, నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పెట్టె ముందువైపు కాస్త వాలుగా, గుమ్మం తూర్పుకు ఉండాలి. మామిడి, కానుగ, వేప నీడ దొరికితే అంతకంటే మంచి చోటు లేదు, పూతా అక్కడే ఉంటుంది.

నర్సంపేట, పరకాల వైపు పత్తి, మిర్చి చేల పక్కన పెట్టేవాళ్లు చుట్టూ ఉన్న రైతులతో ముందే మాట్లాడుకోండి. మందు కొట్టేది సాయంత్రం, ఈగలు గూటికి చేరాక కొట్టమని అడగండి. ముందు రోజు చెప్తే పెట్టెను పక్కకు తరలించుకోవచ్చు. ఎంత మంచి కిట్ కొన్నా ఈ ఒక్క మాట కుదరకపోతే గుమ్మం ముందు చచ్చిన ఈగల కుప్పే మిగులుతుంది. ఈగలు తెచ్చుకునే ముందు మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి శిక్షణ గురించి అడగండి, తెరిచిన పెట్టెను ఒక్కసారైనా దగ్గరుండి చూడండి.

కిట్‌లో రెండో గది, అంటే తేనె గది కూడా వచ్చింది. దాన్ని ఇప్పుడే పైన ఎక్కించకండి. కింది గదిలో ఏడెనిమిది ఫ్రేముల నిండా ఈగలు కనిపించాకే ఎక్కించాలి, అంతకుముందు పెడితే ఈగలు కాపలా కాయలేని ఖాళీ చోటు ఎక్కువై మైనపు పురుగు పడుతుంది. అప్పటిదాకా మైనపు పలకలను కాగితంలో చుట్టి, ఇంట్లో చల్లటి మూలన, ఎలుకలు చేరని డబ్బాలో దాచుకోండి.