1955 సెంటు: ఐదు రెండుగా కనిపిస్తే వేల డాలర్లు వస్తాయా?

నమస్తే అండి. మొన్న డల్లాస్‌లో ఉండే మా బాబాయి ఫోన్ చేసి, "ఒరేయ్, నా దగ్గర 1955 లింకన్ సెంటు ఉంది, చివరి ఐదు రెండుగా కనిపిస్తోంది, ఇది వేల డాలర్లు పలుకుతుందట కదా" అన్నారు. లింకన్ సెంటు అంటే అబ్రహం లింకన్ బొమ్మ ఉన్న అమెరికా సెంటు నాణెం. ఫోటో పంపించుకుని చూశాక ఆయనకు ఏం చెప్పానో, ఈ వీడియోలో అదే మీకూ చూపిస్తాను.

[స్క్రీన్ మీద: అసలు డబుల్డ్ డై సెంటు, జూమ్]

ఇది అసలుది. నాణెం మీద బొమ్మ అచ్చు వేసే ఉక్కు దిమ్మనే డై అంటారు. ఆ రోజుల్లో డై తయారు చేయాలంటే మూల అచ్చుతో దాని మీద ఒకసారి నొక్కితే సరిపోయేది కాదు, మళ్లీ నొక్కాలి. 1955లో ఫిలడెల్ఫియా మింట్‌లో, అంటే అక్కడి నాణేల ఫ్యాక్టరీలో, ఒక డైకి రెండోసారి నొక్కినప్పుడు అది కొంచెం తిరిగిపోయింది. అంటే ఒక్క నాణెం కూడా కొట్టకముందే తప్పు డైలోనే ఉంది, కాబట్టి ఆ డై కొట్టిన ప్రతి సెంటు మీదా అదే చోట, అంతే దూరంలో అక్షరాలు రెండేసిగా పడ్డాయి, అందుకే దీన్ని డబుల్డ్ డై అంటారు. మింట్ వాళ్లు గమనించేసరికే 20 వేలకు పైగా మామూలు సెంట్లలో కలిసిపోయాయని అంచనా. వాటిని ఏరలేక అలాగే బయటికి వదిలేశారు.

[స్క్రీన్ మీద: బాబాయి సెంటు]

ఇక బాబాయిది. డై లక్షల దెబ్బలు కొడుతుంటే దాని ముఖం అరుగుతుంది, దెబ్బ పడినప్పుడల్లా లోహం అంచువైపు పాకి పాకి అంకెల పక్కన ఉబ్బులా, మసక నీడలా వస్తుంది, అదే మనకి రెండో ఐదులా కనిపిస్తుంది. అమెరికా కలెక్టర్లు దీన్ని పూర్ మ్యాన్స్ డబుల్డ్ డై అంటారు, పెద్దగా ధర ఉండదు.

తేడా ఎలా పట్టుకోవాలంటే, ముందు ఆ ఐదుని వదిలేసి పైన ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్, ఎడమవైపు లిబర్టీ చూడండి. అసలుదైతే అవి కూడా భూతద్దం లేకుండానే రెండుగా కనిపిస్తాయి, రెండూ ఒకే తీరుగా గుండ్రంగా పైకి లేచి ఉంటాయి, అక్షరం మూల దగ్గర చీలిక ఉంటుంది. లింకన్ ముఖం మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే డై తిరిగినప్పుడు మధ్యలో కదలిక తక్కువ, అంచుల్లో ఎక్కువ. ఇంకో గుర్తు నాకు చాలా ఇష్టం: వెనక్కి తిప్పి, సెంట్ అన్న మాటలో టీ అక్షరానికి ఎడమ పక్కన లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. ఒకరకంగా అవి ఆ డైకి జతగా వాడిన వెనక డై వేలిముద్రలు.

అక్షరం పక్కన మెట్టులా చదునుగా ఉండి అక్షరమే సన్నబడితే, అది వదులైన డై కొట్టాక జారి గీకినది. దాన్నీ కలెక్టర్లు వెరైటీగా, అంటే విలువైన ప్రత్యేక రకంగా లెక్కపెట్టరు.

అలాగని డై పాడైతే విలువే ఉండదు అనుకోకండి. 1922లో సెంట్లు కొట్టింది డెన్వర్ మింట్ ఒక్కటే, అంటే అన్నిటి మీదా డెన్వర్ గుర్తుగా డీ అక్షరం ఉండాలి, కానీ కొన్నిటి మీద లేదు. చాలావాటిలో డై అరిగో, పూడుకుపోయో డీ మసకబారింది. ఒక డై జతలో మాత్రం మధ్యలో నాణెం బిళ్ల లేకుండా రెండు డైలూ గుద్దుకున్నాయి, ముందు డైని సాన పట్టినప్పుడు డీ పూర్తిగా పోయింది, వెనక డైని కొత్తది పెట్టారు. అందుకే ముందు వైపు నీరసంగా, వెనక గోధుమ కంకులు మాత్రం గింజ గింజా తేలి ఉంటాయి. మంచి ధర పలికేది ఇదే. డీ లేని 1922 సెంటు ఎవరైనా చూపిస్తే ముందు వెనక్కి తిప్పండి.

మన దగ్గర కూడా నాణెం మీద సంవత్సరం అంకెల కింద హైదరాబాద్ మింట్ గుర్తయిన నక్షత్రం లేదని ఎర్రర్ కాయిన్ పేరుతో అమ్ముతుంటారు. కోల్‌కతా నాణేలకు అసలు గుర్తే ఉండదండి, డబ్బులివ్వకముందు అది కోల్‌కతాదేమో చూసుకోండి.

మీ దగ్గర 1955 సెంటు ఉంటే ఐదు ఒక్కటే ఫోటో తీయకుండా లిబర్టీ, పైన ఉన్న మాటలు, వెనక టీ పక్కన చోటు కూడా తీసి పంపండి, ఒక్కొక్కటీ చూసి చెబుతాను.