స్టార్ట్ అవ్వని 110 సీసీ ఏటీవీ: కొనొచ్చా? లోపం ఎక్కడ వెతకాలి?

నమస్కారమండీ. ఈరోజు మన ముందున్నది 110 సీసీ చైనా ఏటీవీ. రిసార్టుల్లో పిల్లలు నడుపుతుంటారే, ఆ నాలుగు చక్రాల చిన్న బండి. సీజన్ అయిపోయాక ఇలాంటివి "ఇంజిన్ పోయింది, స్టార్ట్ అవ్వట్లేదు" అంటూ చౌకగా అమ్మకానికి వస్తుంటాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజిన్ పోయిందని పక్కన పడేసే ఈ బళ్లలో చాలావాటికి ఇంజిన్ శుభ్రంగానే ఉంటుంది. స్విచ్చో, బ్యాటరీయో, నెలల తరబడి నిలవున్న పెట్రోలో అడ్డం పడుతుంది. అందుకే ఇంజిన్ విప్పే మాట చివరికి పెట్టుకోండి.

ఈ ఇంజిన్ మనకు కొత్తదేం కాదు. సిలిండర్ ఇలా ముందుకు పడుకుని ఉంది చూశారా? 1958లో హోండా తెచ్చిన సూపర్ కబ్ నుంచి వచ్చిన డిజైన్ ఇది. మన స్ప్లెండర్ ఇంజిన్ కూడా ఆ కుటుంబంలోదే. కాబట్టి పాత స్ప్లెండర్ బాగు చేసే మెకానిక్ ఎవరైనా దీని మీద ధైర్యంగా చెయ్యి వెయ్యొచ్చు. ఆయనకు కొత్తగా అనిపించేది వైరింగ్, సేఫ్టీ స్విచ్‌లు. తిప్పలన్నీ అక్కడే.

ముందు వెనక చక్రాలు నేలకు తగలకుండా బండిని స్టాండ్ మీద ఎత్తి పెట్టండి. ఇది మాత్రం మానొద్దు. గేర్‌లో ఉండి స్టార్ట్ అయితే బండి మీదికి వచ్చేస్తుంది.

ఇప్పుడు సెల్ఫ్ కొడదాం. అసలు ఏ చప్పుడూ లేదనుకోండి. ఫ్యూజ్ చూడండి, న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి, బ్రేక్ లివర్ గట్టిగా పట్టుకుని మళ్లీ కొట్టండి. చాలా మోడళ్లలో బ్రేక్ పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. లివర్ దగ్గరున్న ఆ బుల్లి స్విచ్‌లోకి మట్టి చేరితే బండి మొత్తం చచ్చినట్టే కనిపిస్తుంది. అలా కాకుండా 'టిక్' మని ఒక్క చప్పుడొచ్చి ఆగిపోతే రిలే దాకా, అంటే సెల్ఫ్ మోటారుకి కరెంట్ కలిపే స్విచ్ దాకా, కరెంట్ వస్తోందన్నమాట. అప్పుడు మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే కిందికి పడిపోతోందంటే బ్యాటరీ పనైపోయినట్టే. వీటిలో ఎక్కువ మోడళ్లకు కిక్ ఉండదు కాబట్టి బ్యాటరీ లేకపోతే దారి లేదు. కారు బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు వేయొచ్చు, కానీ కారు ఇంజిన్ ఆపేసి ఉంచండి.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. అప్పుడు ప్లగ్ విప్పండి. విప్పిన ప్లగ్‌ని మళ్లీ క్యాప్‌లో పెట్టి, దాని ఒంటిని ఇంజిన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టండి. నీలంగా, టకటకమని నిప్పు కనిపించాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి, లోపలి పెట్రోల్ ఆవిరికి మంట అంటుకునే ప్రమాదం ఉంది. వీటికి మామూలుగా వచ్చే ప్లగ్ ఏ7టీసీ. దానికి బదులు ఎన్‌జీకే సీ7హెచ్‌ఎస్‌ఏ వేసుకోవచ్చు. గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

నిప్పు రావట్లేదా? వెంటనే సీడీఐ, అంటే ప్లగ్‌కి నిప్పు పంపే ఎలక్ట్రానిక్ డబ్బా, కొనడానికి పరిగెత్తకండి. హ్యాండిల్ మీద ఎర్ర కిల్ స్విచ్ ఉంది. సీటు వెనక ఇదిగో, ఈ తాడు ఉంది. పిల్లలు అదుపు తప్పితే పెద్దవాళ్లు లాగి ఇంజిన్ ఆపడానికి. కొన్నింటికి రిమోట్ కూడా ఉంటుంది. ఇవన్నీ చేసే పని ఒకటే, సీడీఐకి వెళ్లే కిల్ వైర్‌ని ఎర్త్ చేయడం. ఆ తాడు క్యాప్ ఊడిపోయినా, లోపల తుప్పు పట్టినా నిప్పు ఆగిపోతుంది. ఎక్కువగా నలుపు మీద తెల్ల గీత ఉండే వైరు అది. సీడీఐ దగ్గర దాన్నొక్కదాన్ని విడదీసి చూడండి. నిప్పు వచ్చేసిందంటే సీడీఐ మంచిదే, లోపం స్విచ్‌లో ఉంది. స్విచ్ మార్చి వైరు మళ్లీ కలపండి. పిల్లలెక్కే బండికి కిల్ స్విచ్ లేకుండా వదిలేయడం చాలా తప్పు, దయచేసి ఆ పని చేయొద్దు.

నిప్పు ఉంది, ప్లగ్ మాత్రం పొడిగా ఉంది. అంటే పెట్రోల్ లోపలికి రావట్లేదు. ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను, కార్బొరేటర్ కింది గిన్నె చూడండి. అడుగున జిగురులా పట్టిన ఈ పసుపు పొర పాత పెట్రోల్‌ది. మన బంకుల్లో ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. బండి నెలల పాటు కదలకపోతే నీళ్లు కిందికి దిగి గిన్నెలో, జెట్‌లో, అంటే పెట్రోల్‌ని కొలతగా వదిలే సన్న రంధ్రపు ముక్కలో, తుప్పు, పాచి పడతాయి. ఈ రెండు ఇత్తడి జెట్లలో చిన్నది, ఐడిల్ జెట్, దీని రంధ్రం వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే గుండ్రటి చుక్కలా వెలుగు కనపడాలి. కనపడకపోతే మూసుకుపోయినట్టే. కార్బొరేటర్ క్లీనర్ కొట్టండి, రాగి తీగలో ఒక పోగు తీసి మెల్లగా దూర్చండి. సూదులు, డ్రిల్ బిట్లు వద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. చోక్ వేసినంతసేపు నడిచి, చోక్ తీయగానే ఆగిపోయే బండికి తొంభై పాళ్లు ఇదే రోగం.

ప్లగ్ తడిసి ముద్దయితే అది ఓవర్‌ఫ్లో. ప్లగ్ విప్పేసి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని కాసేపు సెల్ఫ్ కొడితే లోపలి పెట్రోల్ బయటికి పోతుంది. మళ్లీ మళ్లీ తడుస్తుంటే ఫ్లోట్ సూది, అంటే కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది, మార్చాలి.

ఇన్ని చూసినా స్టార్ట్ కాకపోతే అప్పుడు ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కి తెరిచే భాగాలు, చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.05 మిల్లీమీటర్ గ్యాప్ పెట్టాలి. గ్యాప్ లేకుండా బిగుసుకుపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, కారిపోతుంది.

మరి కొనొచ్చా? సొంత తోట గానీ, గేటు వేసుకునే స్థలం గానీ ఉంటే కొనండి. దీనికి రిజిస్ట్రేషన్ దొరకదు, కాబట్టి రోడ్డు మీద నడపకూడదు. ఫ్రేమ్, వైరింగ్ నాకు నచ్చలేదు, వెల్డింగ్ నాసిగా ఉంది, కనెక్టర్లలోకి నీళ్లు దిగుతాయి. ఇంజిన్ మాత్రం మంచిది, స్పేర్లు దొరుకుతాయి. చూడ్డానికి వెళ్లేటప్పుడు ప్లగ్ స్పానర్, కొత్త ప్లగ్, ఛార్జ్ చేసిన బ్యాటరీ పట్టుకెళ్లండి. ప్లగ్ విప్పి ఆ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. వేలిని బలంగా తోసేస్తే బేరం మొదలుపెట్టండి. మెత్తగా ఊదినట్టుంటే సిలిండర్, వాల్వుల పని ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే వదిలేసి వచ్చేయండి.