అటక దిగిన పీఎస్3కి ఇంటి వైఫై ఎందుకు కనబడదు?

అక్క: నమస్కారం. ఈ వారం ప్రశ్న ఖమ్మం నుంచి వచ్చింది. ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. పిల్లాడికి సెలవులని అటక మీదున్న పీఎస్3, అదే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 3 ఆట మెషీన్, దించారట. టీవీకి తగిలించారు, ఆన్ అయింది, డిస్కులు కూడా ఆడుతోంది. వైఫై దగ్గరే చిక్కొచ్చింది. పక్కింటి వాళ్ల పేరు కనబడుతోంది, పై పోర్షన్ వాళ్లది కనబడుతోంది, సొంత ఇంటి వైఫై మాత్రం లిస్టులో లేదు. మెషీన్ పాడైందా అని అడుగుతున్నారు.

తమ్ముడు: పాడవలేదు. పక్కింటి పేరు కనబడుతోందంటేనే లోపల వైఫై బతికుంది. తేడా ఈయన రౌటర్‌లో ఉంది. తేడా అంటే లోపం కాదు, అది కొత్తది, ఇది పాతది, అంతే.

అక్క: ఎంత పాతది?

తమ్ముడు: పీఎస్3 2006 నవంబర్‌లో వచ్చింది. మన దేశానికి 2007లో. అప్పట్లో దాదాపు నలభై వేలు, అందుకే మన వీధుల్లో పీఎస్2 రాజ్యమే ఇంకో నాలుగైదేళ్లు నడిచింది. సరే, సంగతేంటంటే, పీఎస్3 లోపలున్న వైఫై 802.11బీ, జీ రకం. జీ రకం 2003 నాటిది. అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే వింటుంది. రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో ఎంత గట్టిగా అరిచినా దీనికి చెవికెక్కదు.

అక్క: ఇప్పుడొచ్చే ఫైబర్ బాక్సులు చాలావరకు రెండూ ఇస్తాయి కదరా?

తమ్ముడు: ఇస్తాయి. కొన్ని బాక్సులు రెండిటికీ ఒకే పేరు పెట్టి, ఏ ఫోన్‌ని ఏ బ్యాండ్‌లోకి తోయాలో అవే చూసుకుంటాయి. ఫోన్లకి అది సుఖమే. పాత మెషీన్లు మాత్రం ఒక్కోసారి అక్కడ తడబడతాయి. ఇంకొన్ని ఇళ్లలో ఇన్‌స్టాల్ చేయడానికొచ్చిన కుర్రాడు స్పీడ్ టెస్ట్‌లో అంకె బాగా రావాలని 2.4 ఆపేసి పోతాడు. ఈ ఖమ్మం ఆయన ఇంట్లో అదే జరిగుంటుందని నా అనుమానం. మొబైల్ 5జీకీ ఈ 5 గిగాహెర్ట్జ్‌కీ ఏ సంబంధమూ లేదు, కానీ వైఫై పేరు చివర "5జీ" అని చూడగానే మనవాళ్లకి అదే గొప్పదనిపిస్తుంది. రెండోదాన్ని పట్టించుకోరు.

అక్క: నేనూ 5 వాడతాను. మీటింగుల్లో అదే బాగుంటుంది.

తమ్ముడు: నువ్వు రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటావు కాబట్టి బాగుంటుంది. ఇటుక గోడలు రెండు దాటాక 5 నీరసపడుతుంది, 2.4 ఇంకా లాక్కొస్తుంది. బాక్సేమో వీధి గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ మీద, టీవీ చివరి గదిలో. మన ఇళ్లకి 2.4 ఆపేయడం అస్సలు మంచిది కాదు.

అక్క: అయితే ఆయన చేయాల్సింది 2.4 ఆన్ చేయడమేనా?

తమ్ముడు: ముందది. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టాలి, చాలావరకు 192.168.1.1. పాస్‌వర్డ్ బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లోపలికెళ్లి 2.4 ఆన్ చేసి, దానికి వేరే పేరు పెట్టాలి. పేరులో ఖాళీలు, ఎమోజీలు వద్దు. మోడ్ అని ఉన్నచోట బీ, జీ, ఎన్ కలిపున్నది ఎంచుకోవాలి. అక్కడ కొత్త రకాలైన ఎన్ ఒక్కటే, లేదా ఏఎక్స్ ఒక్కటే అని ఉంటే జీ మెషీన్ బయటే నిలబడిపోతుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఛానెల్ 1 గానీ 6 గానీ 11 గానీ. అపార్ట్‌మెంట్లలో ఆ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి.

అక్క: అంతే?

తమ్ముడు: ఇంకోటుంది, అసలు గొడవ అక్కడే. తాళం, అంటే వైఫై సెక్యూరిటీ. కొత్త రౌటర్లు డబ్ల్యూపీఏ3 మీద వస్తున్నాయి. అది 2018లో వచ్చిన పద్ధతి. పీఎస్3కి తెలిసింది డబ్ల్యూపీఏ2 వరకే. రెండూ కలిపిన మోడ్ ఉంటుంది, చాలాసార్లు పని చేస్తుంది, కొన్ని రౌటర్లతో మాత్రం పాత మెషీన్లు పేరు చూస్తాయి, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రావు. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని పెడితే అనుమానం ఉండదు.

అక్క: ఆగు. ఒక ఆట డబ్బా కోసం ఇల్లంతటికీ తాళం పాతది చేయమంటావా? నా ఆఫీస్ ల్యాప్‌టాప్ అదే వైఫై మీదుంది. నేనొప్పుకోను.

తమ్ముడు: ఒప్పుకోవద్దు. నేనూ అదే అనబోతున్నా. నెట్‌లో "సెక్యూరిటీ తీసేయండి, కనెక్ట్ అవుతుంది" అని ఉచిత సలహా ఇచ్చేవాళ్లుంటారు. తీసేస్తే కనెక్ట్ అవుతుంది, పక్కింటి వాళ్లు కూడా అవుతారు. మెయిన్ వైఫైని ముట్టుకోకూడదు. గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయండి, 2.4లో మాత్రమే, డబ్ల్యూపీఏ2తో, వేరే పాస్‌వర్డ్‌తో. పీఎస్3 అందులో ఉంటుంది. నీ ల్యాప్‌టాప్ జోలికి రాదు.

అక్క: అది బాగుంది.

తమ్ముడు: ఒక మెలిక ఉంది కానీ. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నవి ఇంట్లో మిగతా వాటిని చూడలేవు. అది పెట్టిందే అందుకు. పీఎస్3తో ఆట ఒక్కటే ఆడితే నష్టం లేదు. నాలాంటివాడు కంప్యూటర్‌లో ఉన్న సినిమాలు డీఎల్ఎన్ఏ ద్వారా, అంటే ఇంటి నెట్‌వర్క్ మీదుగా వీడియోలు పంచుకునే పద్ధతిలో, పీఎస్3లో పెట్టి టీవీలో చూస్తాడు. గెస్ట్‌లో ఉంటే ఆ మీడియా సర్వర్ కనబడదు. కావాలంటే మెయిన్ నెట్‌వర్క్‌లోనే 2.4 వైపు డబ్ల్యూపీఏ2 పెట్టి, 5 వైపు డబ్ల్యూపీఏ3 ఉంచుకోవచ్చు, నీ రౌటర్ అలా విడివిడిగా పెట్టనిస్తే.

అక్క: సరే, ఇప్పుడు పీఎస్3 వైపు ఏం చేయాలో చెప్పు.

తమ్ముడు: సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్. అక్కడ "ఇంటర్నెట్ కనెక్షన్" అనేది ఎనేబుల్ అయి ఉందో లేదో ముందు చూడాలి. అది ఆఫ్‌లో ఉంచేసి గంటలు గంటలు కుస్తీ పట్టేవాళ్లని చూశాను. తర్వాత ఇంటర్నెట్ కనెక్షన్ సెట్టింగ్స్, ఈజీ, వైర్‌లెస్, స్కాన్. పేరు రాగానే డబ్ల్యూపీఏ-పీఎస్‌కే, డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే అని కలిపి ఒక ఆప్షన్ ఉంటుంది, అది నొక్కి పాస్‌వర్డ్ కొట్టడమే. ఆ కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేసరికి ప్రాణం పోతుంది. మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ గుచ్చండి, పని చేస్తుంది.

అక్క: అవునా! నాకిది తెలీదు.

తమ్ముడు: చాలామందికి తెలీదు. చివర్లో టెస్ట్ కనెక్షన్ చేయమంటుంది. అందులో వరుసలు చూడాలి. ఐపీ అడ్రస్ దగ్గరే ఫెయిల్ అయితే చిక్కు ఇంట్లోదే, పాస్‌వర్డో రౌటరో. ఐపీ వచ్చి ఇంటర్నెట్ దగ్గర ఫెయిలై, 80710102 అనే నంబర్ చూపిస్తే అది డీఎన్ఎస్ గొడవ, అంటే సైట్ల పేర్లని అడ్రస్‌లుగా మార్చే చోట చిక్కు. కస్టమ్‌లోకి వెళ్లి డీఎన్ఎస్ మాన్యువల్ పెట్టి 8.8.8.8 ఇవ్వండి, చాలావరకు దారికొస్తుంది. ఇంకోటి, ఏళ్లకేళ్లు అటక మీదుంటే లోపల గడియారం బ్యాటరీ చచ్చిపోతుంది. అది మామూలు సీఆర్2032 బిళ్ల. తేదీ ఎక్కడో పాత సంవత్సరంలో ఉంటే సైన్ ఇన్ మొండికేస్తుంది. ముందు తేదీ సరిచేయాలి.

అక్క: నాట్ టైప్ 3 అని వస్తోందని కూడా ఆయన మెసేజ్ చివర్లో అన్నారు. ఎదురింటి వాళ్ల వైఫైతో ప్రయత్నించారట. అడిగే పెట్టుకున్నారులే.

తమ్ముడు: అడిగారు, సంతోషం. నాట్ అంటే రౌటర్ ఒక్క ఐపీ అడ్రస్‌ని ఇంట్లో అన్నిటికీ పంచే పద్ధతి. టైప్ 1 అంటే రౌటర్ లేకుండా నేరుగా, టైప్ 2 అంటే రౌటర్ వెనక మామూలుగా, టైప్ 3 అంటే దారి బాగా ఇరుకని. ఆన్‌లైన్‌లో అవతలి వాళ్లతో కలిసి ఆడటం, వాయిస్ చాట్ ఇబ్బంది పడతాయి. రౌటర్‌లో యూపీఎన్‌పీ, అంటే మెషీన్ అడిగిన దారిని రౌటర్ తనంతట తానే తెరిచే ఆప్షన్, ఆన్ చేస్తే కొందరికి టైప్ 2 అవుతుంది. కానీ మన దగ్గర చాలా కంపెనీలు ఒక్క పబ్లిక్ ఐపీ వెనక బోలెడు ఇళ్లని కూర్చోబెడతాయి, సీజీనాట్ అంటారు. అలాంటప్పుడు ఇంట్లో ఏం నొక్కినా లాభం ఉండదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడగాలి. ఇస్తే సాధారణంగా డబ్బు తీసుకుంటారు. పాత ఆటల కోసం అంత ఖర్చు నేనైతే పెట్టను.

అక్క: కనెక్ట్ అయింది అనుకుందాం. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంటే డౌన్‌లోడ్ చకచకా అయిపోతుందా?

తమ్ముడు: ఆశకి హద్దుండాలి. 802.11జీ కాగితం మీద 54. చేతికొచ్చేది ఇరవై, మహా అయితే పాతిక. 8 జీబీ ఆట దించాలంటే ఇరవై మీద గంట దగ్గర పడుతుంది. పైగా మన కంట్రోలర్ బ్లూటూత్ కూడా 2.4లోనే, వంటింట్లో మైక్రోవేవ్ కూడా 2.4లోనే. అన్నీ ఒకే సందులో. అందుకే నా మాటేంటంటే, ఇంత కుస్తీ ఎందుకు, వైరు లాగండి.

అక్క: మొదలెట్టాడు వైరు పురాణం.

తమ్ముడు: నవ్వు. పీఎస్3 వెనక గిగాబిట్ లాన్ పోర్ట్, అంటే నెట్ వైరు గుచ్చే చోటు, ఉంది. 2006లోనే పెట్టారు. ఆ పోర్ట్ ముందు ఆ వైఫై ఎందుకూ పనికిరాదు. వైరుకి డబ్ల్యూపీఏలు లేవు, బ్యాండ్లు లేవు. క్యాట్ 5ఈ కేబుల్ వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఏ ఇంటికైనా చాలు. ఏసీ పైపు వెళ్లిన కంతలోంచి గానీ కిటికీ మూలలోంచి గానీ లాగితే అయిపోయింది.

అక్క: అద్దె ఇల్లయితే? ఓనరమ్మ మేకు కొట్టనివ్వదు.

తమ్ముడు: అప్పుడు మధ్యలో ఒక దళారీని పెట్టుకోవాలి. వైఫై ఎక్స్‌టెండర్లు దొరుకుతాయి కదా, ప్లగ్‌లో గుచ్చేవి, రెండు వేల లోపే. కొనేటప్పుడు లాన్ పోర్ట్ ఉందా లేదా చూసుకోండి, కొన్నిటికి ఉండదు. అది మీ ఇంటి వైఫైని కొత్త పద్ధతిలో అందుకుంటుంది, అందులోంచి జానెడు వైరు పీఎస్3కి. పీఎస్3 దృష్టిలో అది వైరే. అటక మీద పాత రౌటర్ కూడా ఉంటే ఇంకా మంచిది, దాని మెనూలో క్లయింట్ మోడ్, బ్రిడ్జ్ మోడ్ లాంటిది ఉంటే పైసా ఖర్చు లేకుండా అదే పని చేస్తుంది. డబ్ల్యూఐఎస్‌పీ అనే మోడ్ మాత్రమే ఉంటే కూడా నెట్ వస్తుంది, కాకపోతే నాట్ మీద నాట్ పడి ఇందాకటి టైప్ 3 గొడవ మళ్లీ రావచ్చు.

అక్క: ఇదే కిటుకు మిగతా పాత మెషీన్లకీ పనికొస్తుందా?

తమ్ముడు: లాన్ పోర్ట్ ఉన్న వేటికైనా. మొదటి ఎక్స్‌బాక్స్ 2001ది, వైఫై లేదు, లాన్ ఉంది. ఎక్స్‌బాక్స్ 360 మొదటి మోడల్‌కి కూడా వైఫై లోపల లేదు, వెనక తగిలించే అడాప్టర్ విడిగా అమ్మేవాళ్లు. 2010లో వచ్చిన సన్న మోడల్ నుంచి లోపలే పెట్టారు. పీఎస్2 సన్నదానికి లాన్ ఉంది. పీఎస్3లోనూ మొదట్లో వచ్చిన 20 జీబీ మోడల్‌కి వైఫై లేదు. మన దగ్గర ఉన్నవాళ్లు తక్కువే, విదేశం నుంచి మామయ్య తెచ్చి ఉంటే తప్ప. నింటెండో వీ మెషీన్‌కి వైఫై ఉంది, బీ, జీ రకమే. లాన్ కావాలంటే యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి.

అక్క: మా ఆయన దగ్గర నింటెండో డీఎస్ ఉంది, దాచుకున్నాడు.

తమ్ముడు: దాన్ని దాచే ఉంచమను. మొదటి డీఎస్‌కి డబ్ల్యూఈపీ తాళం తప్ప ఏదీ రాదు. ఆ తాళం 2001 నుంచే విరిగిపోయిన తాళం, ఇప్పుడు నిమిషాల్లో తీసేస్తారు. దానికోసం ఇంట్లో డబ్ల్యూఈపీ పెట్టడం పిచ్చిపని. నింటెండో వాళ్ల ఆన్‌లైన్ సేవ కూడా 2014 మేలోనే ఆగిపోయింది.

అక్క: ఆ మాటకొస్తే, పీఎస్3ని నెట్‌కి పెట్టి ఇప్పుడు చేసేదేముంది? సర్వర్లు ఉన్నాయా అసలు?

తమ్ముడు: ఆటని బట్టి. జీటీఏ ఆన్‌లైన్ పీఎస్3కి 2021 డిసెంబర్‌లో ఆపేశారు, ఇంట్లో కూర్చుని కథ ఆడుకోవడానికి ఢోకా లేదు. చాలావాటికి ఆన్‌లైన్ పోయింది. కానీ ఆటలకి ప్యాచ్‌లు దిగుతాయి, ట్రోఫీలు సింక్ అవుతాయి, కొన్నవి మళ్లీ దించుకోవచ్చు. స్టోర్ మూసేస్తామని 2021 మార్చిలో సోనీ ప్రకటించింది, జనం గోల చేస్తే నెల తిరక్కుండానే పీఎస్3 విషయంలో వెనక్కి తగ్గింది. అయితే పీఎస్3లోంచి కార్డుతో నేరుగా కొనడం అదే ఏడాది తీసేశారు. ముందు కంప్యూటర్‌లో వెబ్‌సైట్‌కి వెళ్లి వాలెట్‌లో డబ్బేసుకుని, తర్వాత పీఎస్3లో కొనాలి.

అక్క: సైన్ ఇన్ కూడా పాత పాస్‌వర్డ్‌తోనే అవుతుందా?

తమ్ముడు: ఫోన్‌కి ఓటీపీ వచ్చే రెండంచెల లాగిన్ పెట్టుకుని ఉంటే అవ్వదు. పాస్‌వర్డ్ కరెక్టే కొడతావు, తప్పంటుంది. పీఎస్3కి ఆ ఓటీపీ అడగడం రాదు. సోనీ అకౌంట్ పేజీలో సెక్యూరిటీ కింద డివైస్ సెటప్ పాస్‌వర్డ్ అని తయారు చేసుకునే వీలుంది. అది తెచ్చి పాస్‌వర్డ్ గడిలో కొట్టాలి. కీబోర్డ్ ఇంకా గుచ్చే ఉంచమను ఆయన్ని, అది పొడుగ్గా ఉంటుంది.

అక్క: ఖమ్మం వారూ, విన్నారుగా. 2.4 ఆన్ చేసి చూసి మళ్లీ వాయిస్ పెట్టండి, రాకపోతే టెస్ట్ కనెక్షన్ స్క్రీన్ ఫొటో తీసి పంపండి. ఉంటాం.