ముందు వ్యాగన్, ఆ తర్వాతే స్కేలు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద నాలుగు మోడల్ రైలు వ్యాగన్లు ఉన్నాయి. సరిగ్గా చెప్పాలంటే నాలుగూ ఒకే వ్యాగన్. ఈ చివరి బఫర్ (తాకిడి ఆపే దిమ్మ) నుంచి ఆ చివరి బఫర్ దాకా 14 మీటర్లుండే, నాలుగు ఇరుసుల మూత వ్యాగన్‌ను నాలుగు నిష్పత్తుల్లో చేసి తెచ్చాను. 1:45లో, అంటే అసలు దానిలో 45వ వంతుగా చేసే ‘ఓ’ (O) స్కేలులో, దాని పొడవు 31 సెంటీమీటర్లు. 1:87 హెచ్‌ఓలో 16. టీటీలో, అంటే 1:120లో, 11.7. ఇటు చివర ఉన్నది 1:160 ఎన్ స్కేలు. అది 9 సెంటీమీటర్లు కూడా లేదు. ఇందాకటి నుంచి గమనిస్తున్నాను. బల్ల దగ్గరికి వచ్చినవారంతా ముందు ఎన్ వ్యాగన్ వైపే చెయ్యి చాపారు, "ఇంత చిన్నదా!" అని ఆశ్చర్యపోయి పెట్టేశారు. ఓ స్కేలు వ్యాగన్‌ను మాత్రం బోర్లించి, తలుపు జరిపి, బ్రేకు కడ్డీలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో వేలితో వెతుక్కున్నారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు చూపుల మధ్య తేడాలోనే ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట సర్దుకుందాం. మామూలు వాడుకలో రైలు పెట్టె మొత్తాన్నీ బోగీ అంటాం. ఈ వృత్తిలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం మాత్రమే. ఈ పూటకు ఆ అర్థంలోనే వాడతాను.

కొత్తగా ఈ మోడల్ రైళ్ల అభిరుచిలోకి వచ్చేవారికి అందరూ చెప్పే సలహా ఒకటుంది: గది కొలుచుకోండి, దాన్నిబట్టి స్కేలు ఎంచుకోండి. నాకు ఇది ఎప్పుడూ తలకిందుల సలహాలాగే కనిపిస్తుంది. ఏది కుదరదో గది చెబుతుంది. మీకు ఏం కావాలో దానికేం తెలుసు? మీ రైలును మీరు ఎంత దూరం నుంచి, ఎన్ని వ్యాగన్లతో చూడాలనుకుంటున్నారన్నదే మొదటి ప్రశ్న.

మీ కలలో కొండ పక్కగా ముప్పై వ్యాగన్ల గూడ్స్ బండి వంపు తిరుగుతోందనుకోండి. నేను తెచ్చిన ఈ వ్యాగన్లే ముప్పై కలిపితే హెచ్‌ఓలో 4.8 మీటర్లు, ఎన్‌లో 2.6 మీటర్లు. ఓ స్కేలులో 9.3 మీటర్లు, ఇంజిన్ కాకుండానే. బండి పొడవుతోనే పని తీరదు. పక్కదారి పట్టాలు దానికన్నా పొడవుండాలి, వంపులు దానికి తగినంత విశాలంగా ఉండాలి. అసలు రైల్వేలో 300 మీటర్ల వ్యాసార్ధం అంటే గట్టి వంపే. అదే హెచ్‌ఓలో దాదాపు మూడున్నర మీటర్లు. అంగట్లో అట్టపెట్టెల సెట్లలో దొరికే హెచ్‌ఓ వంపు పట్టాల వ్యాసార్ధం సుమారు 36 సెంటీమీటర్లు. పెంచి చూస్తే 31 మీటర్లు. ఏ రైల్వే ఇంజనీరూ ప్రధాన మార్గంలో అలాంటి వంపు గీయడు. ప్రకృతి దృశ్యంలో పొడవైన రైలు కావాలనుకునేవారికి నేను మొహమాటం లేకుండా ఎన్ స్కేలే చెబుతాను. అంత దూరం నుంచి చూసే కంటికి రివెట్లు కనబడవు. బండి బారు కనబడుతుంది, అది నడిచే తీరు కనబడుతుంది.

మరి కొందరికి ఒక్కొక్క వ్యాగన్‌తోనే పని. బ్రిటన్‌కు చెందిన అలాన్ రైట్ తయారుచేసిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే చిన్న లేఅవుట్, అంటే పట్టాల అమరిక, ఈ లోకంలో చాలామందికి తెలుసు. రెండు పాయింట్లు, అంటే బండిని దారి మార్చే పట్టాలు; మూడు దారులు. ఒక దారిలో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగిలిన రెంటిలో మూడేసి. ఎనిమిది వ్యాగన్లలో ఐదింటిని చీటీలు తీసి, ఆ వరుసలోనే జత చేయాలి. వరుసలు 6,720 రకాలుగా రావచ్చు. ఒక్క అలమర పలక మీద ఏళ్ల తరబడి కాలక్షేపం! ఆట మొత్తానికి ఎనిమిదే వ్యాగన్లు కాబట్టి వాటిని ఓ స్కేలులో పెట్టుకోవచ్చు. గది చిన్నదైనవారు పెద్ద స్కేలు తీసుకోవడం వింతగా అనిపిస్తుంది గాని, నాకు తెలిసిన సంతృప్తులైన అభిరుచిదారుల్లో చాలామంది ఈ కోవవారే.

ఇప్పుడు స్కేలుకూ గేజుకూ ఉన్న తగాదా గురించి. స్కేలు అంటే ఎన్నో వంతుకు తగ్గించామన్న లెక్క, గేజు అంటే పట్టాల మధ్య దూరం. హెచ్‌ఓ పేరు ఓ స్కేలులో సగం అన్న అర్థంతో వచ్చింది. అందులో పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే 1435కు అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంటే అసలు రైళ్ల స్టాండర్డ్ గేజు. ఇక్కడ లెక్క సరిపోయింది. ఎన్ స్కేలులో 9 మిల్లీమీటర్లు, 160తో గుణిస్తే 1440. ఇదీ పర్వాలేదు.

బ్రిటన్‌కు వెళ్తే లెక్క చెడుతుంది. అక్కడి ఇంజిన్లు యూరప్ ఇంజిన్ల కన్నా సన్నం. తొలినాటి మోటార్లు 1:87లో చేసిన ఆ సన్నని ఒంట్లో పట్టలేదు. అందుకని ఒంటిని మాత్రం 1:76.2కు పెంచి, పట్టాలను 16.5 దగ్గరే ఉంచేశారు. అదే డబుల్ ఓ. అంటే అక్కడి బొమ్మ రైళ్లు నిజానికి 1257 మిల్లీమీటర్ల గేజు మీద నడుస్తున్నట్టు లెక్క; 178 మిల్లీమీటర్లు ఇరుకు. మోటార్లు ఎప్పుడో చిన్నవైపోయాయి, ఇరుకు మాత్రం అలాగే ఉండిపోయింది. జపాన్ ఎన్ స్కేలుది దీనికి సరిగ్గా ఎదురు కథ. అక్కడి 1067 మిల్లీమీటర్ల మార్గాన్ని 1:150లో చూపితే 7.1 రావాలి. 9 మిల్లీమీటర్ల పట్టాలే వాడతారు కాబట్టి అక్కడ పట్టాలు వెడల్పు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ బండిని హెచ్‌ఓలో చేసేవారికి 19.3 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. అంగట్లో దొరికేది 16.5 కాబట్టి చాలామంది దానితోనే సర్దుకుంటారు.

సర్దుకోలేనివారూ ఉంటారు. బ్రిటన్‌లో 18.2 మిల్లీమీటర్లతో ఈఎం, 18.83తో పీ4 అనే పద్ధతులు అలాంటివారి కోసమే పుట్టాయి. ఆ దారి పట్టినవారు కొన్న ప్రతి వ్యాగన్‌కూ చక్రాలు మార్చాలి. ఇరవై వ్యాగన్లుంటే ఎనభై ఇరుసుల దాకా! నేను ఒకసారి దిగి, పదకొండో వ్యాగన్ దగ్గర ఆగిపోయాను.

ఇక వ్యాగన్ల తయారీ. నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే, కనుక ఎక్కువ సేపు ఇక్కడే ఉంటాను.

ఇంజిన్ కొనేవారు సాధారణంగా ఒకటే కొంటారు. వ్యాగన్ నచ్చితే ఆరు కొంటారు. కానీ ఆరింటి మీదా ఒకే నంబరు ఉంటే ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. అందువల్ల ఏ వ్యాగన్ చేయాలన్న నిర్ణయం దగ్గరే ఆలోచన మొదలవుతుంది. అందమైన, అరుదైన వ్యాగన్ మీదికే మనసు పోతుంది. నా మాట వింటే దాన్ని వదిలేయండి. దశాబ్దాల పాటు నడిచినదై ఉండాలి, రంగులు మారినదై ఉండాలి. ఒకే కింది చట్రం మీద మూత వ్యాగన్, తెరిచిన వ్యాగన్, చదును వ్యాగన్ కట్టి ఉంటే మరీ మంచిది. ఒక చట్రానికి అచ్చు చేయించి మూడు వ్యాగన్లు పుట్టించవచ్చు. ప్లాస్టిక్ ఖర్చు ఎంతో ఉండదు. డబ్బంతా ఉక్కు డై, అంటే ప్లాస్టిక్ పోసే అచ్చు, మింగేస్తుంది.

ఎంచుకున్న తర్వాత తయారీ గీతపటాలు సంపాదిస్తాం. వాటిని నమ్మి కూర్చోకండి. నేను ఒక ట్యాంకర్ వ్యాగన్‌కు పటం చూసి నిచ్చెన పెట్టాను. తీరా వెళ్లి చూస్తే, మరమ్మతుల్లో ఆ నిచ్చెనను అవతలి చివరికి మార్చి ఉన్నారు. టేపు, కెమెరా పట్టుకుని అనుమతితో అసలు వ్యాగన్ దగ్గరికి వెళ్లాలి. ముఖ్యంగా దాని కడుపు కిందకు వంగి చూడాలి. పక్కల ఫోటోలు ఎవరైనా తీస్తారు, అడుగు ఫోటోలే దొరకవు.

కంప్యూటర్‌లో నమూనా గీశాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒకసారి గీస్తే చాలు, 87తో భాగిస్తే హెచ్‌ఓ, 160తో భాగిస్తే ఎన్ వచ్చేస్తుందనుకుంటారు. రాదు. 22 మిల్లీమీటర్ల చేతికడ్డీని తీసుకోండి. ఓ స్కేలులో దాదాపు అర మిల్లీమీటరు, హెచ్‌ఓలో పావు. ఎన్‌లో 0.14; ప్లాస్టిక్‌లో అది నిలవదు, తీగతోనో చెక్కిన ఇత్తడి రేకుతోనో చేసినా చేతి స్పర్శకే వంగుతుంది. అసలు వ్యాగన్ గోడ రేకు మందం 5 మిల్లీమీటర్లనుకుంటే హెచ్‌ఓలో 0.06. అచ్చులో పోసే గోడకు సుమారు ఒక మిల్లీమీటరైనా ఉండాలి. అంటే నిజజీవితంలో 87 మిల్లీమీటర్ల మందం, కోటగోడ! మూత వ్యాగన్ అయితే ఎవరికీ తెలియదు. తెరిచిన వ్యాగన్ అయితే పై అంచు దగ్గర గోడను లోపలి వైపు నుంచి పలచగా చెక్కి కంటిని మభ్యపెట్టాలి. చక్రాలదీ ఇదే కథ. అసలు చక్రం వెడల్పు సుమారు 135 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో ఒకటిన్నర కావాలి. పాయింట్ల మీద పడిపోకుండా నడిచే మామూలు హెచ్‌ఓ చక్రం 2.8 మిల్లీమీటర్లు. ఆ చక్రం పట్టాలంటే బోగీ పక్క పలకలను బయటికి జరపక తప్పదు. ఎక్కడ అబద్ధం ఆడాలో తెలియడమే ఈ పనిలో నేర్పు. ఏ స్కేలుకు ఆ స్కేలు అబద్ధాలు వేరు. అందుకే ఈ నాలుగు వ్యాగన్లకు నాలుగుసార్లు గీశాను.

బరువు సంగతి ఇంకా విచిత్రం. పొడవు 87వ వంతైతే బరువు 87 ఘనంలో ఒక వంతవుతుంది. 25 టన్నుల ఖాళీ వ్యాగన్ హెచ్‌ఓలో 38 గ్రాములు తూగాలి, ఎన్‌లో 6 గ్రాములు. అంత తేలికైతే పొడవైన రైలు వంపులో లోపలి వైపుకు ఒరిగి పడిపోతుంది. 1935లో ఏర్పడిన అమెరికా మోడల్ రైల్‌రోడ్ సంఘం, ఎన్‌ఎంఆర్‌ఏ, దీనికొక సూత్రం పెట్టింది. హెచ్‌ఓకు ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. ఈ వ్యాగన్‌కు అది 118 గ్రాములవుతుంది. ఎన్‌కు వారి సూత్రం ప్రకారం 29. అందుకే ప్రతి మంచి వ్యాగన్ పొట్టలోనూ ఇనుప ముక్క దాగి ఉంటుంది. మూత వ్యాగన్‌లో దాచడం తేలిక. చదును వ్యాగన్‌లో ఎక్కడ దాస్తారు? చట్రాన్నే లోహంతో పోతపోస్తారు.

అచ్చు విషయానికొస్తే, ఎన్ని కావాలన్నదాన్నిబట్టి దారి మారుతుంది. ఒకటీ రెండూ అయితే త్రీడీ ముద్రణ. గట్టిపడే ద్రవమైన రెజిన్‌తో చేసే ముద్రణలో పొరలు 0.05 మిల్లీమీటర్ల దాకా సన్నగా వస్తాయి, వివరం బాగుంటుంది. కానీ పెళుసు. కొన్ని పదులు కావాలంటే ముద్రించినదాన్నే మూలంగా పెట్టి సిలికాన్ అచ్చు తీసి, అందులో రెజిన్ పోస్తాం. ఒక సిలికాన్ అచ్చు ఇరవై, ముప్పై పోతలకు చిరుగుతుంది. వేలల్లో అయితే ఉక్కు డై, కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అందులోకి ఎక్కించే ఇంజెక్షన్ యంత్రం.

నా పరువు తీసిన పాఠం ఆ ఇంజెక్షన్ దగ్గరే నేర్చుకున్నాను. ప్లాస్టిక్ చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చును కాస్త పెద్దగా చేస్తారు. ఒంటికి వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్ అర శాతం దాకా కుంచించుకుంటుంది. బోగీలకు వాడే ఎసిటాల్ దాదాపు రెండు శాతం. ఎసిటాల్ జారుడు గుణమున్న ప్లాస్టిక్, సూదిమొన ఇరుసులు అందులో హాయిగా తిరుగుతాయి, అందుకే అది. నేను రెండింటికీ ఒకే లెక్క రాసి డై చేసే వర్క్‌షాపుకు పంపాను. ఒళ్లు ముచ్చటగా వచ్చాయి. బోగీల్లో ఇరుసు కూర్చునే 25 మిల్లీమీటర్ల ఎడం మూడో వంతు మిల్లీమీటరుకు పైగా తగ్గిపోయింది. ఒక్క చక్రం తిరిగితే ఒట్టు. వర్క్‌షాపువారు నేను రాసింది రాసినట్టే చేశారు. అంకె నాది.

రంగులు, అక్షరాల గురించి క్లుప్తంగా. వ్యాగన్ పక్కల మీద ఉండే చిన్న అక్షరాలను టాంపో పద్ధతిలో ముద్రిస్తారు. చెక్కిన పలక మీది సిరాను మెత్తని సిలికాన్ దిండు అందుకుని, రివెట్ల ఎత్తుపల్లాల మీద కూడా సమంగా అద్దుతుంది. రంగుకొక పలక. నంబర్లు మార్చాలంటే మళ్లీ పలకలు. నమూనా ముద్రణ వచ్చినప్పుడు నంబర్లను ఇద్దరు విడివిడిగా సరిచూడాలి. గీసినవారి కంటికి తమ తప్పు కనబడదు.

కప్లింగుల దగ్గర, అంటే వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కేల దగ్గర, యూరప్ పద్ధతి నాకు నచ్చుతుంది. 1954లో ఏర్పడిన మోరోప్ అనే సమాఖ్య ప్రమాణాల్లో కప్లింగు గుచ్చే చిన్న గూటికి కొలత నిర్ణయించి ఉంది. ఆ గూడు పెడితే కొన్నవారు తమకు నచ్చిన కప్లింగు మార్చుకుంటారు. కొత్త వ్యాగన్ చేసేవారు దయచేసి సొంత గూడు కనిపెట్టకండి. పక్కవారి వ్యాగన్‌తో జత కాని వ్యాగన్‌ను ఎంత అందంగా చేసినా అది అలమరలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. ఈలోగా బల్ల మీది వ్యాగన్లను చేతుల్లోకి తీసుకోండి, కానీ రెండు చివరలా పట్టుకోండి. ఎన్ వ్యాగన్‌కు ఎడమ వైపు నాలుగు చేతికడ్డీలుండాలి. పొద్దున నాలుగూ ఉన్నాయి, ఇప్పుడు మూడే కనిపిస్తున్నాయి.