వంకలో పురుగులు, పుట్టలో ఉసిళ్లు

తమ్ముడు: ...ఆ బకెట్ సంగతి మాత్రం ఎత్తొద్దక్కా, రికార్డవుతోంది.

అక్క: ఎత్తనులే, పాతవాళ్లకు ఎట్లాగూ తెలుసు. సరే, ఈ వారం చెప్పినట్టే, వంక నీళ్లు బాగున్నాయో లేదో అందులోని పురుగులను చూసి కనుక్కోవడం. మొన్న ఆదివారం మైదుకూరు అవతల, వరిమళ్ల మధ్యలోంచి కుందూ నదిలోకి పోయే వంకలో దిగాం.

తమ్ముడు: దిగింది నేను. నువ్వు గట్టు మీద ట్రే పట్టుకుని నిలబడ్డావు.

అక్క: లెక్క ఎవరో ఒకరు రాయాలి కదరా. పెద్ద పనేం కాదు, వల అడ్డం పెట్టి, దానికి కాస్త ఎగువన కాలితో రాళ్లు కెలికితే అడుగున కరుచుకున్నవన్నీ కొట్టుకొచ్చి వలలో పడతాయి. తెల్లటి ట్రేలో కుమ్మరిస్తే కదిలేవి కనబడతాయి.

తమ్ముడు: మాకు కదిలినవన్నీ ఎర్రవే. దారప్పోగుల్లా మెలికలు తిరుగుతూ, అబ్బా.

అక్క: అవి దోమలా ఉండే ఒక ఈగ పిల్లలు, ఆ ఈగ కుట్టదు. వాటిలో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎరుపు, ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉన్న బురదలో కూడా బతికేస్తాయి. 1970ల చివర్లో బ్రిటన్‌లో ఒక లెక్క కట్టారు, ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు, మురికిని తట్టుకునేదానికి తక్కువ, మంచి నీళ్లుంటేనే బతికేదానికి ఎక్కువ. మన ఎర్రవాటికి 2. జలగకు 3.

తమ్ముడు: ఇంత తిప్పలెందుకు, సీసాలో పట్టి ల్యాబ్‌కిస్తే పోయె.

అక్క: సీసా ఆ గంట సంగతే చెబుతుంది. శనివారం మందు కొట్టారు, ఆదివారం వాన పడి అది వంకలోకి దిగింది, నువ్వు సీసా పట్టుకుని పోయేది గురువారం. పురుగైతే నెలల తరబడి అక్కడే కాపురం, మందు తగిలితే పోతుంది, ఆ ఖాళీ కనబడుతుంది. యూరియా దిగినా అంతే, పాచి పెరిగి తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది.

తమ్ముడు: అసలు ఆ వంకలో నీళ్లే కేసీ కాలువ, అదే కర్నూలు-కడప కాలువ నీళ్లు. మళ్లు తాగి వదిలేసినవి.

అక్క: మొదలుపెట్టాడు.

తమ్ముడు: 1860ల్లో పడవలు కూడా తిరిగేట్టు తవ్విన కాలువ అక్కా అది!

అక్క: తెలుసు నాయనా. చివర్లో ఒక్క మేఫ్లై పిల్ల దొరికింది చూడు, తోకకు మూడు పోగులు, పొట్టకు రెండు పక్కలా చిన్న ఆకుల్లాంటి మొప్పలు, అవి అట్లా కొట్టుకుంటూనే...

తమ్ముడు: ఉసిళ్ల పిల్ల.

అక్క: కాదని అక్కడే చెప్పానా లేదా?

తమ్ముడు: లైటు చుట్టూ తిరిగేవే కదా రెండూ?

అక్క: ఉసిళ్లు చెదలు రా, పుట్టలోంచి లేస్తాయి, రెక్కలు రాల్చుకుని మళ్లీ మట్టిలోకే పోతాయి. ఇది నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే బతుకు, తినడానికి సరైన నోరు కూడా ఉండదు.

తమ్ముడు: ఉసిళ్లకు మాత్రం మన నోరుంది. అవ్వ పుట్ట పక్కన గుంత తీసి దీపం పెట్టేది. తెల్లారేసరికి వేయించి, బొరుగులు కలిపి, బెల్లం...

అక్క: బెల్లమా? ఉప్పూ కారమే.

తమ్ముడు: బెల్లం! నేను తిన్నాను.

అక్క: నేనూ తిన్నాను, నీకప్పుడు నాలుగేళ్లు, నీకు ఏది పెట్టినా బెల్లం అనే ఏడ్చేవాడివి. వినేవాళ్లు చెప్పండయ్యా, ఎవరైనా ఉసిళ్లలో బెల్లం వేస్తారా?

తమ్ముడు: అమ్మకు ఫోన్ చేస్తా.

అక్క: చెయ్. అమ్మ నీ వైపే చెబుతుంది, అదో ముచ్చట.

తమ్ముడు: (కాసేపాగి) ఆ పుట్ట లేదు తెలుసా. చేను చదును చేయించినప్పుడు జేసీబీతో తీసేశారు. నేనక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు.

అక్క: ...ఊఁ.

తమ్ముడు: సరే, నీ మేఫ్లైకి పదికి పదా?

అక్క: ఎక్కడ! మనకు దొరికిన రకానికి 4. పది తెచ్చుకునే మేఫ్లైలు వేరే ఉన్నాయి, స్టోన్‌ఫ్లైలలోనూ చాలావాటికి 10. కానీ స్టోన్‌ఫ్లై ఎక్కువగా చల్లటి పారే నీళ్ల పురుగు, ఎండాకాలం ఎండిపోయే మన వంకలో అది లేదని రైతు మందు మీద నేరం మోపితే తప్పు. అదే వంకలో చేలకు ఎగువన కూడా వల పెట్టి రెండూ పక్కపక్కన చూడాలి. ఎగువన ఉండి దిగువన లేకపోతే అప్పుడు అడగొచ్చు.

తమ్ముడు: ఎగువన నీళ్లెక్కడివి? కాలువకు పైన వంక ఎండిపోయుంటుంది. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కాలువకు వదిలితేనే...

అక్క: అందుకే వానలు పడ్డాక పోదాం. ఈసారి కూడా నువ్వే దిగుతావు.

తమ్ముడు: నేనెందుకు? బకెట్ రోజు ఎవరు దిగారు?

అక్క: ఎత్తొద్దన్నది నువ్వే కదరా! ఆగు, అమ్మ ఫోన్ చేస్తోంది... అమ్మా, స్పీకర్లో పెడుతున్నా, ఉసిళ్లలో అవ్వ ఏమేసేది?